మాలలో ఎర్ర చీటీ

మే 2, శుక్రవారం

పొద్దున మాల వేసుకున్నాను. పెద్ద హనుమాన్ జయంతికి కొండగట్టు పోయి తీయాలి. గురుస్వామి ఈ పుస్తకం చేతిలో పెట్టి రోజూ రాములవారి పేరు రాయమన్నాడు. గళ్ళు చిన్నవి, నా అక్షరాలు పెద్దవి. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు నడిపిన చేయి ఇది, రాత్రి బడిలో నేర్చిన రాత. పేరు రాయబోతే వేరే మాటలు వస్తున్నాయి. రానీ. ఎవరు చదువుతారు.

గురుస్వామి నియమాలు చెప్పాడు. కాళ్ళకు చెప్పులు లేవు. ఒంటిపూట భోజనం. పరాయి వస్తువు ముట్టొద్దు, అబద్ధం ఆడొద్దు. ఆఖరున అడిగాడు, "ఇప్పుడు ఏం పని చేస్తున్నవ్ స్వామీ?"

"చదువుకునేటోళ్లకు సాయం చేస్త" అన్నాను. అది అబద్ధం కాదు.

నేను కూర్చునేది అబద్ధాలు పట్టే మెషిన్ ముందు. మల్లేష్ సార్ ఆ మెషిన్ నడపడం నేర్పుతాడు. పోలీసోళ్ళు, ల్యాబుల్లో పనిచేసే పిల్లలు కరీంనగర్ వచ్చి ఆయన దగ్గర నేర్చుకుంటారు. నేర్చుకోవడానికి మనుషులు కావాలి కదా, ఆ మనుషులం మేము, కొందరు ముసలోళ్ళం. చీటీలు తీయిస్తారు. ఎర్ర చీటీ వచ్చినవాడు దొంగ. అందరూ ఒక్కొక్కరే చిన్న గదిలోకి పోయి వస్తారు గానీ, సొరుగు తెరిచి అందులోని గడియారం తీసేది దొంగ ఒక్కడే. ఆ తర్వాత అందరూ మెషిన్ ముందు "నేను తీయలేదు" అంటారు. ఎవడు దొంగో పిల్లలు గీతలు చూసి చెప్పాలి.

నన్ను పట్టుకున్నవాళ్ళు తక్కువ. నాకు దొంగ తాత అని పేరు. మంచి పోగు సాంచం మీద తెగకుండా నడిచినట్టు నా గీత నడుస్తుంది. లేచిన ప్రతిసారీ అడుగుతాను, నా గీత ఎట్లుంది అని. సాఫీగా ఉంది తాతా అంటారు. అది వినకుండా ఇంటికి పోను.

మల్లేష్ సార్ నా సింధూరం బట్టలు చూసి ఆగాడు. "గంగయ్య స్వామీ, మాలల ఉన్నవ్. దొంగ చీటీ వస్తె ఎట్ల? ఈసారికి వేరేటోళ్లను పిలుస్త, నువ్వు జర ఆరాం తీసుకో."

"ఆట ఆటే, మాల మాలే సార్" అన్నాను.

నా కుర్చీలో ఇంకొకడిని కూర్చోబెడతాడట. సరే అనిపించుకునే దాకా అక్కడి నుంచి కదల్లేదు.


మే 5, సోమవారం

కొత్త బ్యాచ్‌లో ఒక పొల్ల ఉంది, హర్షిణి, ఆదిలాబాద్ నుంచి వచ్చింది. మిగతావాళ్ళు మమ్మల్ని మేకను కట్టేసినట్టు కట్టేస్తారు. ఛాతీకి రబ్బరు గొట్టం, పొట్టకు ఇంకో గొట్టం, చేతికి బీపీ పట్టా, వేళ్ళకు రేకు బిళ్ళలు. ఈ పొల్ల మాత్రం పట్టా బిగించి, "నొస్తుందా తాతా?" అని అడుగుతుంది.

"మాలల ఉన్నోళ్లను తాతా అనొద్దు, స్వామీ అనాలె" అన్నాను.

"సరె, స్వామి తాతా."

పక్కనున్న ముష్తాక్ పడీ పడీ నవ్వాడు. ముష్తాక్ ఆటో నడిపేవాడు, ఇప్పుడు ఎండకు తాళలేక ఇక్కడ కూర్చుంటున్నాడు. చల్లటి గది కోసమే వస్తాడు, చెప్పుకోవడానికి సిగ్గు కూడా లేదు.

పొల్ల అడిగే ప్రశ్నలన్నీ ముందే చదివి వినిపించింది. నీ పేరు గంగయ్యనా. గడియారం నువ్వు తీసినవా. నిన్ను నమ్మినోళ్లను ఎప్పుడన్న మోసం చేసినవా. చివరిదానికి అందరూ లేదనే అంటారు, నేనూ లేదన్నాను. లేచాక నా గీత ఎట్లుందని అడిగితే తెర తిప్పి చూపించింది.

"ఇగో ఇక్కడ ఎగిరింది చూడు. మోసం ప్రశ్న కాడ."

"నాది ఎగరదు."

"అందరిది ఎగురుతది తాతా. అందుకే గా ప్రశ్న పెడ్తరు. దొంగతనం చెయ్యనోడు గడియారం కాడ ఎగరడు, గీడ ఎగురుతడు. దొంగ గడియారం కాడ ఎగురుతడు. రెండు పక్కపక్కన పెట్టి చూస్తం, అంతే."

"నీ మెషిన్ ఖరాబైంది" అని లేచి వచ్చాను.

ఇంటికొచ్చేదాకా కోపం పోలేదు. ఎవరిని మోసం చేశాను నేను? ఒక్కరి పేరు చెప్పమను.


మే 8, గురువారం

ఎండ. పాదాలు కాలుతున్నాయి. రాములవారి పేరు రాయలేదు.


మే 9, శుక్రవారం

పరీక్ష వచ్చే వారమే. హర్షిణికి ఇది రెండోసారి రావడమట. కాంట్రాక్టు నౌకరి. ఇది పాసైతే ఉంచుకుంటారు, లేకపోతే ఆ కుర్చీ వేరేవాళ్ళది. రంజన్ కుండ దగ్గర నీళ్ళు తాగుతూ చెప్పింది. జాలి పడమని చెప్పినట్టు లేదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

"నువ్వుంటవ్ గదా తాతా ఆ రోజు? నువ్వు కూచుంటె నాకు ధైర్యం. నీ గీత నాకు తెలుసు."

ఉంటానన్నాను.


మే 12, సోమవారం

నాకే వచ్చింది. ఎర్రది.

మల్లేష్ సార్ చూసి తల ఊపాడు, ఇవ్వాళ దొంగ గంగయ్య అని మనసులో రాసుకున్నాడు. అప్పుడే చెప్పాల్సింది, సార్ నా వల్ల కాదు, మాల ఉంది అని. ఆట ఆటే, మాల మాలే అన్న నోరు కదా, ఎట్లా చెప్పను.

గదిలోకి పోయాను. స్టూలు, టేబులు, సొరుగు. సొరుగు హ్యాండిల్ మీద చేయి పెట్టబోతే మెడలో మాల టేబులు అంచుకు తగిలి టక్కుమంది. అంతే. చేయి వెనక్కి తీసుకున్నాను. కాసేపు నిలబడి బయటికి వచ్చేశాను.

తర్వాత పోవాల్సింది ముష్తాక్. రంజన్ దగ్గర పట్టుకున్నాను.

"భాయ్, లోపల సొరుగు తెరిచి గడియారం నువ్వు తియ్యి."

"అరే, చీటీ నీకొచ్చె. నీ దొంగతనం నేను చెయ్యాల్నా?"

"మాలల ఉన్న. ముట్టొద్దు, అబద్ధం ఆడొద్దు."

ముష్తాక్ నా వంక చూశాడు. మధ్యాహ్నం జుహర్ నమాజుకు పోయి వచ్చినట్టున్నాడు, గడ్డం ఇంకా తడిగా ఉంది. ఏదో అనబోయి, "జర జరుగు" అని లోపలికి పోయాడు.

ఒకడు దొంగ కావాలి, ఒకడు దొంగ అయ్యాడు. ఆటకు వచ్చిన లోటేమిటి? మెషిన్ ముందు నేను తీయలేదన్నాను, అది నిజం. అన్నీ అయ్యాక ముష్తాక్ గడియారం నాకిచ్చాడు, నేను సార్‌కు ఇచ్చాను. తువ్వాలతో పట్టుకున్నాను. వేళ్ళు తగలలేదు.

నియమం తప్పలేదు.


మే 13, మంగళవారం

హర్షిణి ఏం రాసిందో ఇవ్వాళ సార్ అందరి ముందు చదివాడు. గంగయ్య తీయలేదు. ముష్తాక్ తీసిండు.

అక్షరం అక్షరం నిజం.

సార్ కాగితం టేబులు మీద కొట్టాడు. "తీసింది గంగయ్య! తెర మీద గీతలు చూడమంటె మనిషి మెడల మాల చూసినవ్. స్వామి అబద్ధమాడడని నువ్వే అనుకున్నవ్. రేపు కాషాయం కట్టుకొని ఎవ్వడొచ్చినా గిట్లనే వదిలిపెడ్తవా?"

"సార్, గీతలే చూసిన సార్. ఆయన గడియారం కాడ కదలలే."

"అది ఆయన గొప్ప. నీ గొప్ప ఏంది?"

అందరూ నవ్వారు. వెనక నుంచి ఒకడు "దొంగ తాత మళ్ళ గెలిచిండు!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. రెండు చేతులూ జోడించాను, మాలలో ఉన్నవాళ్ళు ఎవరికైనా చేతులు జోడిస్తారు కదా.

హర్షిణి నవ్వలేదు. నా వైపు చూడలేదు కూడా. తెర వైపే చూస్తూ కూర్చుంది.

నేను అబద్ధం చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు.


మే 14, బుధవారం

నన్నెవరూ అడగలేదు.


మే 15, గురువారం

మల్లేష్ సార్ చెడ్డవాడు కాదు. పొల్లకు ఇంకొక్కసారి ఇచ్చాడు, వేరే మనుషులతో. నన్ను కూర్చోబెట్టలేదు. ఊరికే వచ్చి రంజన్ దగ్గర బల్ల మీద కూర్చున్నాను.

మనుషులందరూ అయిపోయారు. ఇక ఎవరి పేరో రాయాలి. రాయకుండా లేచి బయటికి, నా దగ్గరికే వచ్చింది. రెండు రాత్రులు నిద్రపోని ముఖం.

"స్వామి తాతా, ఒక్కటి చెప్పు. ఇగ మార్కుల కోసం గాదు, నా కోసం. ఆ రోజు గడియారం నువ్వే తీసినవా?"

సార్ లోపల ఫోన్ మాట్లాడుతున్నాడు. ముష్తాక్ రాలేదు. మేమిద్దరమే.

నేను తల ఊపాను.

ఆమె ఇంకేమీ అడగలేదు. లోపలికి పోయింది. తలుపు సందులోంచి కనిపించింది, రాయడం, కొట్టేయడం, మళ్ళీ రాయడం. ఆమె రాసిన మనిషి దొంగ కాడు. ముందు రాసి కొట్టేసిన మనిషే దొంగ అని సార్ తర్వాత అన్నాడు.

నోటితో ఏమీ అనలేదు నేను. తల ఊపడం మాట కాదు.


మే 16, శుక్రవారం

పొల్ల పొద్దున బస్సుకే ఆదిలాబాద్ పోయిందట.

ఒంటిపూట తిండి కూడా దిగలేదు. నా భార్య అనసూర్య బీడీలు చుడుతూ చూసింది.

"గా అన్నం ఏం పాపం జేసింది స్వామీ? గట్ల కెలుకుతున్నవ్?"

"నోర్మూసుకో."

"దీక్షల కోపం రావద్దంటరు. నాకైతె నువ్వు మాల వేసుకున్నంక ఎక్కువైనట్టు అనిపిస్తుంది. స్వామీ."

పెళ్ళాం చేత స్వామీ అనిపించుకుంటే మొదట్లో బాగానే ఉండేది. ఇప్పుడు ఒక్కో పిలుపూ చెంప మీద పడుతున్నట్టుంది.


మే 18, ఆదివారం

ముష్తాక్ ఇంటికి పోయాను. ఆటో కడుగుతున్నాడు. అంతా చెప్పాను. తల ఊపిన సంగతి కూడా చెప్పాను. రేపు నాతోపాటు సార్ దగ్గరికి రా, ఇద్దరం చెబుదాం అన్నాను.

గుడ్డ పిండి హ్యాండిల్ మీద ఆరేశాడు.

"గంగన్నా, ఆ రోజు అడుగుదామనుకున్న. నీ తోటి లొల్లి ఎందుకని ఊకున్న. నీకు మాలున్నది. మరి నాకు అల్లా లేడా?"

ముష్తాక్ మళ్ళీ గుడ్డ తీసి ఆటో అద్దం తుడిచాడు.

"అబద్ధం నీకు పాపం, నాకు పని. గంతేనా? దోస్తుగాడు, తురకోడు, వీనికేం ఫరక్ పడ్తది అనుకున్నవా?"

"గట్లనుకోలే."

"ఏమనుకున్నవ్ మరి?"

ఏమీ అనుకోలేదు. అదే నిజం. అసలు అనుకోనే లేదు. అది ఇంకా చెడ్డది.

"నేను రాను. నీ మాట నువ్వే చెప్పుకో" అన్నాడు.


మే 19, సోమవారం

చెప్పాను. మొదటి నుంచీ, ఏదీ దాచకుండా. సాంచాల మధ్య నిలబడి బతికిన గొంతు నాది, మెల్లగా చెప్పడం రాదు. సార్ గదిలో అందరికీ వినిపించి ఉంటుంది.

మల్లేష్ సార్ కుర్చీలో వెనక్కి వాలి విన్నాడు. అయిపోయాక నవ్వాడు.

"స్వామీ, నీ మనసు మంచిది. పొల్ల ఏడ్చుకుంట పోయిందని నువ్వు పరేషాన్ అయితున్నవ్. గని ఆమె కోసం నువ్వు అబద్ధం చెప్పొద్దు. మాలల ఉన్నవ్."

ఇన్నేళ్ళలో నా మాట తీసిపారేసినవాడు లేడు. సాంచాల ఆసాములైనా, యూనియనోళ్ళైనా, గంగయ్య అన్నాడంటే అయిపోయినట్టే. ఇప్పుడు నిజం చెప్తే జాలి గుండె అంటున్నాడు. ఆయన తప్పేముంది? అబద్ధం బాగా ఆడతాడని చప్పట్లు కొట్టించుకున్నవాడి మాట ఎవరు నమ్ముతారు?

"నమ్మరా? వైర్లు కట్టుండ్రి" అన్నాను.

"ఇంత కోపం మీదున్నవ్. నిజం చెప్పినా దొంగ గీతలే వస్తయి." కొంచెంసేపు పెన్ను తిప్పుకుంటూ కూర్చున్నాడు. "సరె. ఒక్కటి చెప్పు. సొరుగుల గడియారం దేంట్ల చుట్టి ఉండె?"

"నేను చూడలే సార్. రుమాల్ల ఉండెనా?"

సార్ ఫోన్ తీసి ముష్తాక్‌కు కలిపాడు. నేను నోరు తెరవొద్దని వేలు చూపించాడు. గొంతు గదంతా వినపడేట్టు పెట్టాడు. అదే ప్రశ్న అడిగాడు, ఇంకేమీ చెప్పలేదు. అటు పక్క హారన్లు.

రానన్నవాడు. ఎరగనంటే అయిపోయేది.

"చిన్న పోరల సాక్సుల సార్" అన్నాడు ముష్తాక్. "ఆకుపచ్చది. గడియారం తీసుకొని సాక్సు ఆడనే పెట్టిన. నా మనుమరాలికి గసుంటిదే ఉంది."

సార్ ఫోన్ పెట్టేశాడు. ఆ రోజు గీతలు తెర మీదికి తెచ్చాడు. మొదట నావి, తర్వాత ముష్తాక్‌వి. చాలాసేపు చూశాడు. ఆ సాక్సు పొద్దున్నే ఆయనే పెట్టాడట, దొంగకు తప్ప ఎవరికీ తెలిసే వీలు లేదట.

"మాల చూసింది నేనే అన్నట్టు" అన్నాడు, నాతో కాదు, తెరతో.

తర్వాత నా వైపు తిరిగాడు. మొదటి పరీక్ష సరిచేస్తాడట. రెండోది మాత్రం ఆమె తన చేత్తో తప్పు రాసింది. ఆమె వచ్చి మళ్ళీ ఒక్కసారి చేసి చూపిస్తేనే సంతకం పెట్టగలడు. సార్ పేరు చూసి ఆమె ఫోన్ ఎత్తడం లేదు.

"మీరిద్దరు ఇగ రావద్దు స్వామీ" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

నా కుర్చీ పోయింది. దాని కోసమే కదా ఇదంతా.


మే 21, బుధవారం

సార్ ఇచ్చిన అడ్రసు పట్టుకుని ఆదిలాబాద్ పోయి వచ్చాను. బస్టాండు నుంచి వట్టి కాళ్ళతో నడిచాను. హర్షిణి వాళ్ళ అన్న జిరాక్సు షాపులో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"రాండ్రి గంగయ్య గారూ" అంది.

గారూ అంది.

నిలబడే చెప్పాను. ఆమె కాగితాలు సర్దుతూనే విన్నది. ముష్తాక్ పేరు వచ్చినప్పుడు చేతులు ఆగాయి. కళ్ళు మూసుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"అయితే నేను చూసింది నిజమే."

"నిజమే బిడ్డా."

"నా కోసం చెప్పమంటె తల ఊపినవ్."

"ఊపిన."

"మాలల."

"మాలలనే."

"నౌకరి పోతె పోయె, ఇంకోటి చూసుకుందు. గని ఈ వారం దినాలు నా కండ్ల మీద నాకే నమ్మకం లేదు. మా అన్న చాయ్‌ల చక్కెర సరిపోయిందా అంటె గూడ, ఏమో అనాలనిపిస్తుంది. గది ఎట్ల తెచ్చిస్తవ్ నువ్వు?"

తెచ్చివ్వలేనన్నాను. సార్ చెప్పమన్నది చెప్పాను. వస్తావా అని అడిగాను. "చూస్త" అంది. నీళ్ళిచ్చింది. తాగాను. నొస్తుందా అని అడగలేదు. పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి, చూసింది, అడగలేదు.


మే 22, గురువారం

పెద్ద హనుమాన్ జయంతి. సింధూరం బట్టల వాళ్ళందరూ కొండగట్టు పోయారు. గురుస్వామి రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

"అందరు పోయిన్రు. నువ్వు పోవా?" అంది అనసూర్య.

"పోను."

"మరి ఇంకెన్ని దినాలు నిన్ను స్వామీ అనాలె? నా నోరు నొస్తుంది."

"అనకు."

అప్పుడు బీడీల చాట పక్కన పెట్టి నా దగ్గర కూర్చుంది. ఆమెకు కూడా చెప్పాను. విని, లేచి కంచంలో అన్నం పెట్టింది.


మే 24, శనివారం

ఆదిలాబాద్ నుంచి ఏమీ లేదు.


మే 26, సోమవారం

వచ్చింది.

మల్లేష్ సార్ ఫోన్ చేయించి నన్నూ రమ్మన్నాడు. పరీక్షకు ముందు చేయి కుదరాలని ఎవరినైనా ఒకరిని కూర్చోబెట్టుకోమంటే, ఆమె నన్ను అడిగిందట. తిడితే బాగుండేది. నా కుర్చీలోనే కూర్చోబెట్టింది. గొంతు గంభీరంగా ఉంది. గొట్టాలు కట్టింది, బిళ్ళలు పెట్టింది, పట్టా బిగించింది.

"మీ పేరు గంగయ్యనా?"

"అవును."

"సొరుగుల గడియారం మీరు తీసిన్రా?"

"లేదు."

"మిమ్మల్ని నమ్మినోళ్లను ఎప్పుడన్న మోసం చేసిన్రా?"

"చేసిన."

ఆమె చేయి ఆగిపోయింది. "గట్ల అనొద్దు. ఈ ప్రశ్నకు లేదనాలె. అందరు లేదనే అంటరు, అంటెనే గీతకు పని. మళ్ళ అడుగుత." అడిగింది.

"చేసిన" అన్నాను.

"అయ్యో, లేదనుండ్రి! పరీక్ష పాడైతది!"

"పాడు గానీ. చేసిన. నిన్ను చేసిన, ముష్తాక్‌ను చేసిన. లేదనను."

సార్ అద్దం అవతల తల గోక్కుంటున్నాడు. హర్షిణి తెర వైపు చూసింది, నా వైపు చూసింది. పట్టా విప్పడం మొదలుపెట్టింది.

"నువ్వు ఇగ ఈ పనికి పనికిరావు తాతా" అంది.

లేచి వచ్చాను. నా గీత ఎట్లుందని అడగలేదు.

ఆ తర్వాత కొత్త మనుషులను ఒక్కొక్కరినే పిలిచింది. నేను రంజన్ దగ్గర బల్ల మీద కూర్చున్నాను. అందరూ అయ్యాక బయటికి వచ్చి, సార్‌కు ఒక పేరు చెప్పింది. ఒక్కటే పేరు. అది సరైందో కాదో సార్ చెప్పే దాకా ఆగలేదు. నడిచి నా పక్కకొచ్చి రంజన్‌లో నీళ్ళు ముంచుకుని తాగింది. వెనక నుంచి సార్ "కరెక్టే" అన్నాడు. ఆమె గ్లాసు కడిగి బోర్లించింది, అంతే.

నాకు మాత్రం నీళ్ళివ్వలేదు. పోయేటప్పుడు చెప్పి పోలేదు. సరే.

సాయంత్రం ముష్తాక్ ఇంటికి పోయాను. మాఫ్ చెయ్యమని అనలేదు, అనడం రాదు. రేపు కొండగట్టుకు ఆటో తెస్తావా అని అడిగాను. ఆటో టైరును కాలితో తట్టి చూశాడు. "కింద ఉంట. పైకి నీ మోత నువ్వే మోసుకపో" అన్నాడు.

రేపు మాల తీస్తారు. దీక్షలో ఏమైనా తప్పు జరిగిందా స్వామీ అని అడుగుతారట తీసే ముందు. చెప్తాను.

అడగకపోయినా చెప్తాను.